ఊడని చుట్టు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పోట్లాటంతా పాపను ఎట్లా పడుకోబెట్టాలన్న దాని మీదే నడిచింది. పాప నా కూతురు ఫరీన్ బిడ్డ. రంజాన్ నెల రెండో వారంలో హిందూపురం ఆస్పత్రిలో పుట్టింది. చెవిలో అజాన్ నేనే చెప్పాను. నాలుగో రోజు పెనుకొండకు తెచ్చుకున్నాము. మూడు నెలలు నిండేదాకా తల్లీబిడ్డలు మా దగ్గరే ఉండాలి. తర్వాత అల్లుడు ఇలియాస్ వచ్చి ధర్మవరం పిలుచుకొని పోవాలి. అనుకున్న మాట అది.

నాది పరుపుల కొట్టు. ఇల్లు కొట్టు వెనక వీధిలో ఉంది. మా నాయన విల్లుతో దూది ఏకేవాడు, నేను మిషన్ పెట్టుకున్నాను. స్పంజి పరుపులు వచ్చాక గిరాకీ తగ్గింది గానీ పెండ్లిళ్ల కాలంలో గోరంట్ల, నల్లమాడ పల్లెల వాళ్లు ఇప్పటికీ దూది పరుపే అడుగుతారు. ఫరీన్‌కు ఏడో నెల పడగానే పుట్టబోయే బిడ్డకు ఒక పరుపు కుట్టి పెట్టాను. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు అడుగున్నర. బూరుగు దూది. గింజా నలకా లేకుండా చేత్తో ఏరాను. చెరో పక్కకు ఒక దిండు, తల కిందికి ఆవాల దిండు. పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కితే మణికట్టు దాకా దిగేది. చూడవచ్చిన వాళ్లందరి చేతా అట్లా నొక్కించాను.

పాపను చుట్టేది కూడా నేనే. ఏ ఇంట్లోనైనా అది ఆడవాళ్ల పని. మా ఇంట్లో నాకు వచ్చింది, ఎందుకంటే చుట్టడం నా వృత్తిలో ఉంది. పరుపు చుట్టి బస్సు మీద వేస్తే మడకశిర పోయేదాకా ఊడకూడదు. పాపకూ అదే పద్ధతి. పాత నూలు చీర ముక్క పరిచి, బిడ్డ చేతులు రెండూ ఒంటికి ఆనించి, ఎడమ అంచు లాగి వీపు కింద దోపి, కుడి అంచు తిప్పి, కింది కొస మడిచి రొమ్ము దగ్గర చెక్కాలి. పాప ఒక నిమిషం గింజుకునేది. తర్వాత నిద్రపోయేది.

"మా నూరుల్లా చుట్టు ఊడదు" అని మా అమ్మ వచ్చినవాళ్లకు చెప్పేది. అమ్మకు డెబ్బై ఎనిమిదేండ్లు. నడుము వంగింది గానీ నోరు వంగలేదు.

మొదటి నెలలో చూడవచ్చిన ఇలియాస్ ఆ మూటను రెండు చేతులతో ఎత్తి, "ఏం మామా, ధర్మవరానికి బస్సు మీద ఏసి పంపిస్తావా?" అన్నాడు. అందరం నవ్వాము. నా భార్య జైనాబీ కూడా నవ్వింది.

నలభై రెండో రోజు నీలావతి వచ్చింది. మా వీధికి ఆశ కార్యకర్త ఆమె. పాపను సంచిలో వేసి తూచి, పుస్తకంలో రాసుకుంది. తర్వాత పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చెయ్యి తీశాక కూడా గుంట అట్లే ఉంది.

"బాగా కుట్టినావు నూరుల్లన్నా. ఎవరికన్నా పెండ్లయితే ఇయ్యి. పాపకు వద్దు" అంది.

"ఏం, మా పాప పెండ్లికూతురు కాదా?"

"అయినప్పుడు పరుచుదువులే. ఇప్పుడు మొగం పక్కకు తిప్పుకుంటే ఈ గుంటలో పూడిపోతాది. మళ్లా తిప్పుకునే బలం యాడుండాది దానికి? చాప మీద బొంత మడిచి పరచండి. గట్టిగుండల్ల. దిండ్లు తీసేయండి. ఆవాల దిండు గూడా."

"ఆవాల దిండు లేకుంటే తల గుమ్మడికాయ అయితాది" అంది మా అమ్మ గోడ పక్క నుంచి. "నీ తల చూస్తేనే తెలుస్తాంది, మీ అమ్మ పెట్టలేదని."

"పెట్టిందవ్వా. పెట్టినా ఇట్లే ఉండాది" అని నీలావతి నవ్వింది. తర్వాత ఫరీన్ వైపు తిరిగి చెప్పింది. "ఎప్పుడు పడుకోబెట్టినా ఎల్లకిలానే పడుకోబెట్టల్ల. ఈ ఎండకు చుట్టు వదులుగుండల్ల. పక్కలకు మెదిలేది మొదలుపెట్టిందంటే ఆ పొద్దే చుట్టేది ఆపేయల్ల. చేతులు కట్టేస్తే, బోర్లా పడినప్పుడు దేంతో లేస్తాది?"

"ఒక్కసారే ఆపితే ఉలిక్కిపడి లేస్తాది కదక్కా" అంది ఫరీన్.

"మొదట ఒక చెయ్యి బయట పెట్టు. నాలుగు దినాలు సూడు. అలవాటయినాక రెండోది."

జైనాబీ అప్పటిదాకా వంటింటి గడపలో నిలబడి ఉంది. బయటివాళ్ల ముందు ఆమె ఎదురు మాట్లాడేది కాదు. ఆ రోజు మాట్లాడింది.

"ఎల్లకిలా వద్దు. పాలు పొరబోతాయి, గొంతుకు అడ్డం పడతాయి. పక్కకు తిప్పి, ఈపు ఎనక దిండు పెట్టి పడుకోబెడతాండాము. అట్లే పెడతాము."

"ఎల్లకిలా ఉంటే పొరబోవు జైనక్కా. కక్కినా మింగుకుంటాది. పక్కకు పెడితేనే బోర్లా జారేది. మాకు ట్రైనింగులో—"

"నీకు పోయిండాడా బిడ్డ?"

"లేదక్కా."

"నాకు పోయినాడు."

నీలావతి పుస్తకం మూసింది. ఆమెకు తెలియని సంగతి మా అమ్మ చెప్పింది. "ఫరీన్‌కు ముందొక పిల్లోడు. నజీరు. రెండున్నర నెల. ఇది పండుకోని పాలిచ్చి, ఆన్నే వదిలి కొట్టుకు పాయె. పొరబోయినాయి. మూతి పక్కన పాలు, నా కండ్లతో చూసినా." ఎవరి ఊరో అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఇరవై తొమ్మిదేండ్లుగా, ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా ఈ మాట చెబుతుంది. జైనాబీ వింటుంది.

నేను పరుపు అంచు కుట్టు చూస్తూ కూర్చున్నాను.

ఫరీన్ పుట్టాక జైనాబీ ఒక్కరోజు కూడా పడుకొని పాలివ్వలేదు. రెండేండ్లు గోడకు ఆనుకొని కూర్చొనే ఇచ్చింది, కూర్చొనే నిద్రపోయింది. ఆమె తల ఆనే చోట సున్నం నల్లబడి, తర్వాత ఎన్నిసార్లు వెల్ల వేసినా ఆ మరక పైకి తేలేది.

నీలావతి పోయాక ఫరీన్ నా పరుపును చుట్టి మూలన పెట్టింది. చాప మీద బొంత మడిచి పరిచింది. ఏడో వారంలో పాప కుడి చెయ్యి చుట్టులో నుంచి బయటికి తీసింది. పాప నిద్రలో చెయ్యి విసిరి, ఆ విసురుకు తనే లేచి ఏడ్చేది. "ఉన్న నిద్ర పాడు చేస్తాండారు" అని మా అమ్మ తిట్టేది. అయిదో రోజుకు పాప అలవాటు పడింది. తర్వాత ఎడమ చెయ్యి కూడా బయటికి వచ్చింది.

పడుకోబెట్టేది మాత్రం తెగలేదు. ఫరీన్ పాపను వెల్లకిలా పడుకోబెట్టి పోయేది. జైనాబీ వచ్చి పక్కకు తిప్పి వీపు వెనక దిండు పెట్టేది. ఫరీన్ వచ్చి దిండు తీసేది. తల్లీకూతుళ్లు ఒక మాట అనుకోకుండా వారాల తరబడి బిడ్డను అటూ ఇటూ తిప్పుతూ ఉన్నారు.

ఒక పొద్దు ఫరీన్ కొట్టుకు వచ్చింది. మిషన్ ఆపేదాకా నిలబడింది.

"నాయనా, నువ్వన్నా అమ్మకు చెప్పు. నేను చెప్తే నీకేం తెలుసంటాది. నీలావతక్క చెప్తే ఏడుస్తాది. నువ్వు చెప్తే వింటాది."

"చెప్తాలే" అన్నాను.

"ఎప్పుడు చెప్తావు?"

"చెప్తాలేమ్మా."

చెప్పలేదు.

మే నెలాఖరు. గోరంట్ల నుంచి చౌడప్ప కూతురి పెండ్లికి రెండు డబుల్ పరుపులు అడిగాడు. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగింది. అన్నం తిని వద్దామని ఇంటికి పోయాను. ఫరీన్ నీళ్లు పోసుకుంటోంది. జైనాబీ రేషన్ షాపుకు పోయింది. మా అమ్మ వరండాలో నిద్రపోతోంది. చాప మీద పాప ఒక్కతే ఏడుస్తోంది. ఎత్తుకున్నాను, ఆపలేదు. భుజాన వేసుకొని తిప్పాను, ఆపలేదు. దండెం మీద చీర ముక్క కనిపించింది.

చుట్టాను. రెండు చేతులూ లోపలికి. చాలా రోజుల తర్వాత చుట్టడం, బాగా కుదిరింది. పాప ఏడుపు ఆపింది. మూలనున్న పరుపు తెచ్చి పరిచాను. ఉక్కపోత, బొంత కంటే ఇది హాయి అనుకున్నాను. జైనాబీకి ఇష్టమైనట్టే పక్కకు తిప్పి వీపు వెనక దిండు పెట్టాను. పాప నిద్రపోయింది. ఎవరి మాటలూ అక్కర్లేదు, నా చేతిలో పనితనం ఉందనుకున్నాను.

కంచంలో అన్నం పెట్టుకొని అదే గదిలో గోడ పక్క కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నాను. అయిదో ముద్ద కలుపుతూ పరుపు వైపు చూశాను. పాప తల వెనక భాగం కనిపించింది. మొగం కనిపించలేదు.

దిండు వెనక్కి జారింది. పాప ముందుకు ఒరిగి బోర్లా పడింది. మొగం దూదిలోకి దిగిపోయింది. భుజాల దగ్గర గుడ్డ కదులుతోంది. లోపల నుంచి చేతులు తోస్తున్నాయి. చుట్టు ఊడలేదు.

తిప్పాను. మూతి చుట్టూ నీలం. నోరు తెరుచుకొని ఉంది, ఏడుపు లేదు. అరికాలి మీద కొట్టాను. రెండోసారి కొట్టాక ఊపిరి లాగింది. తర్వాత ఏడ్చింది.

ఫరీన్ తడి తలతో పరుగెత్తుకొని వచ్చింది. "ఏమాయె నాయనా?"

"ఏం లేదు. లేచింది."

పాపను తీసుకొని చుట్టు లాగి పారేసింది. "నీకెన్ని మార్లు చెప్పల్ల? చుట్టొద్దని చెప్తే ఏంటికి చుడతావు?" తర్వాత పాప చెంప తుడుస్తూ, "మొగాన ఇదేంది, పప్పు?" అంది.

నేను చెయ్యి కడుక్కోలేదు. అన్నం చేత్తోనే తిప్పాను.

"తింటాంటే ఏడ్చింది. ఎత్తుకున్నా" అన్నాను.

ఇరవై తొమ్మిదేండ్ల కింద కూడా మే నెలే. పెండ్లిళ్ల పరుపులు. కుట్టేదానికి మనుషులు చాలక జైనాబీని కొట్టుకు రమ్మన్నాను. ఆమె పాలిచ్చింది, నేను చుట్టాను. కొత్త పరుపు మీద పడుకోబెట్టింది నేను. ఇద్దరం కొట్టుకు పోయాము. అరగంటకు దబ్బనం విరిగితే ఇంకొకటి తెద్దామని నేను ఇంటికి వచ్చాను. నజీరు బోర్లా ఉన్నాడు. తిప్పాను. చెవి ఆనించి విన్నాను. తర్వాతే కేక వేశాను. మా అమ్మ పెరట్లో నుంచి వచ్చేసరికి వాడు వెల్లకిలా ఉన్నాడు. మూతి పక్క నుంచి పాలు కారాయి. అమ్మ పాలు చూసింది. పొరబోయినాయంది. ఆ మాట నా ముందుకు వచ్చి నిలబడింది. నేను దాని వెనక నిలబడ్డాను. సాయంత్రం ఖబరస్తాన్ నుంచి వచ్చేసరికి అందరూ అదే మాట అంటున్నారు. ఎట్లా ఉన్నాడని నన్ను ఎవరూ అడగలేదు.

వెల్లకిలా పడుకోబెడితే పాలు పొరబోతాయన్న భయం మా ఇంట్లో ఆ రోజు పుట్టింది. దిండు పెట్టి పక్కకు తిప్పడం ఆ భయంలో నుంచి వచ్చింది. పాప దగ్గర దిండు తీయాలంటే ఆ మాట తీయాలి. నాకు అర్థమైంది.

అయినా చెప్పకుండా నెట్టుకొద్దామనుకున్నాను. మర్నాడు ఆ పరుపు కొట్టుకు తీసుకుపోయి విప్పి, దూది ఇంకో పరుపులో కలిపేశాను. దూది గడ్డకట్టిందని ఇంట్లో చెప్పాను. దిండ్లు అటక మీద వేశాను. జైనాబీ తన తలదిండు తెచ్చి పాప వీపు వెనక పెట్టింది.

"నీలావతి వద్దనింది గదా" అన్నాను.

"నీలావతికేం తెలుసు? నీకు తెలియదా?"

నేను కొట్టుకు పోయాను. తర్వాతి పది రోజులు రోజుకు నాలుగు సార్లు ఏదో వంకతో ఇంటికి వచ్చి పాపను చూసిపోయాను. కత్తెర మరిచిపోయాననేవాణ్ని. మంచినీళ్లనేవాణ్ని. "కొట్టులో కంటే ఇంట్లోనే ఎక్కువుంటాండాడే మనవరాలొచ్చినాక" అని మా అమ్మ మురిసిపోయింది.

బక్రీద్ అయిన నాలుగో రోజు, పొద్దున, అందరం చూస్తుండగా పాప బోర్లా పడింది. చుట్టు లేదు, చేతులు రెండూ బయట ఉన్నాయి. చాప మీద ఒక పక్కకు ఒరిగి, కాలు విసిరి, తిరిగింది. చెయ్యి కింద ఇరుక్కుంటే తనే లాక్కుంది. తల ఎత్తి మమ్మల్ని చూసింది. ఫరీన్ ఫోన్ తీసేలోపు మళ్లీ తల వాల్చింది. ఇంకోసారి చేయించి వీడియో ఇలియాస్‌కు పంపింది.

మా వైపు ఏ బిడ్డయినా మొదటిసారి బోర్లా పడితే ఓళిగలు చేసి వీధిలో పంచుతారు. మా అమ్మ పొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుంది. జైనాబీ పప్పు ఉడికించి, బెల్లం వేసి పూర్ణం రుబ్బింది. ఫరీన్ పిండి తడిపింది. నేను కొట్టుకు పోలేదు. ఓళిగల దినం ఇంట్లో ఉండమంది అమ్మ.

"ఫరీనూ, నువ్వు మూడో నెల్లో పడితివి. మీ నాయన నాలుగో నెల్లో పడె, ఒళ్లు బరువు" అంటూ అమ్మ పెనం మీద ఓళిగ తిప్పింది. "ఈ ఇంట్లో ఓళిగలు లేకుండా పోయింది ఆ పిల్లోడొక్కడే. అది చేసుకునే భాగ్యం మీ అమ్మకు లేకపాయె."

జైనాబీ పూర్ణం ముద్దలు చేస్తూ ఉంది. నాలుగు చేసి, చెయ్యి కడుక్కొని లేచింది. పాప నిద్రకు ఏడుస్తోంది. జైనాబీ పెట్టె తెరిచి చీర ముక్క తెచ్చింది. పాపను ఎత్తి నా ఒడిలో పెట్టి, గుడ్డ నా చేతికిచ్చింది.

"చుట్టు" అంది.

"అమ్మా, ఇప్పుడు అసలే వద్దు" అంది ఫరీన్. "తిరగతాండాది. నీలావతక్క ఏం చెప్పింది?"

"నువ్వుండు. తిరగతాండాదనే చెప్తాండా. నిద్రలో తిరిగితే? మన కన్ను తప్పినప్పుడు తిరిగితే? కదలకుండా చుట్టు" అని నా వైపు చూసింది. "నీ చుట్టు ఊడదు. పక్కకు పెట్టి నేను కాపలా కూర్చుంటా. ఒకసారి వదిలి పోయినా. ఇంగ పోను."

ఒడిలో పాప, చేతిలో గుడ్డ ఉన్నాయి. ఫరీన్ నన్నే చూస్తోంది.

"వాడు గూడా బోర్లా పడినాడు" అన్నాను.

"ఎవరు?"

"నజీరు."

"వాడు పడలేదు" అంది జైనాబీ. "వానికింకా రాలేదు."

"పడినాడు. ఆ పొద్దు. దబ్బనానికి నేను వచ్చినప్పుడు బోర్లా ఉండాడు. పరుపులో మొగం. నేను తిప్పినా. తిప్పినాకే మిమ్మల్ని పిలిచినా."

జైనాబీ నా చేతిలో గుడ్డను చూసింది.

"చుట్టు?" అంది.

"ఊడలేదు."

పెనం మీద ఓళిగ మాడుతోంది. ఫరీన్ లేచి స్టవ్ ఆపింది. మొదట మాట్లాడింది మా అమ్మ.

"అబద్ధం. పెండ్లాన్ని ఎనకేసుకొస్తాండాడు. నేను పాలు చూసినా."

"పాలు నేను తిప్పినాక కారినాయమ్మా."

"నా కండ్లతో చూసినా రా."

"నువ్వు చూసినప్పటికి తిప్పేసినా."

"అబద్ధం" అని అమ్మ మాడిన ఓళిగను తీసి కింద పెట్టి, స్టవ్ మళ్లీ వెలిగించింది.

జైనాబీ నా ఒడిలో నుంచి పాపను తీసుకుంది. బొంత మీద వెల్లకిలా పడుకోబెట్టింది. దిండు తీసి గోడ పక్కకు నెట్టింది. పాప చేతులు రెండూ పట్టుకొని తలకు అటూ ఇటూ పరిచి వదిలేసింది. పాప ఉలిక్కిపడింది, ఏడ్చింది, కాసేపటికి నిద్రపోయింది. జైనాబీ పక్కన కూర్చుంది. ఆ పూట అన్నానికి లేవలేదు. నేను ఒకసారి పేరు పెట్టి పిలిచాను. తల తిప్పలేదు.

సాయంత్రం ఓళిగలు మా అమ్మే పంచింది. వంగిన నడుముతో పన్నెండు ఇండ్లకు పోయింది. ప్రతి వాకిట్లో ఓళిగతో పాటు ఒక మాట ఇచ్చి వచ్చిందని మర్నాడు నీలావతి చెబితే తెలిసింది. "మా నూరుల్లా బంగారం. పెండ్లాం తప్పు తన నెత్తిన ఏసుకున్నాడు. ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు?" అని చెప్పిందట. వీధి నమ్మింది. మసీదు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు నా భుజం తట్టారు. నేను చెప్పింది నిజమే అన్నాను. వాళ్లు ఇంకోసారి తట్టారు.

నాలుగు రోజులకు ఇలియాస్ వచ్చాడు. మూడు నెలలు నిండాయి. "అత్తను గూడా తోడు పిల్చకపోతా మామా. నాలుగు దినాలుండి వస్తాది" అన్నాడు. కూతుర్ని పంపేటప్పుడు తల్లి తోడు పోవడం రివాజు. ఎవరూ ఏమీ అనుకోలేదు. జైనాబీ నాలుగు చీరలు పెట్టుకుంటే నాలుగు రోజులనుకునేవాణ్ని. పెట్టె ఖాళీ చేసింది.

పెనుకొండ స్టేషన్‌లో సామాను నేనే ఎక్కించాను. ఫరీన్ కిటికీ దగ్గర కూర్చొని పాపను నాకు చూపించింది. "నాయనా, ఆ పొద్దు మధ్యాన్నం పప్పు..." అని ఆగింది. నేను తల ఊపాను. ఆమె పాపను లోపలికి తిప్పుకుంది. జైనాబీ అవతలి కిటికీ వైపు చూస్తూ ఉంది. బండి కదిలింది.

కొట్టులో పని ఉంది. నల్లమాడ నుంచి ఒకతను మనవడికి చిన్న పరుపు కావాలని వచ్చాడు. చిన్నపిల్లలకు కుట్టనని చెప్పాను. పోయిన ఏడు ఇంకొకరికి కుట్టావు కదా అన్నాడు. అవునన్నాను. వాళ్ల ఇంటి గుర్తులు అడిగి, ఆదివారం పోయి ఆ పరుపు వెనక్కి తెచ్చుకున్నాను. వాళ్లకు నా తల తిరిగిందనిపించింది.

ఇంట్లో అమ్మా నేనే. రోజూ రెండు పూటలా అడుగుతుంది, "ఎప్పుడొస్తాది అది? నువ్వు ఇంత చేస్తే దానికి విశ్వాసం లేదే."

పదిహేను రోజులు ఫోన్ రాలేదు. పదహారో రోజు మధ్యాహ్నం ఫరీన్ నంబరు నుంచి వచ్చింది. మాట్లాడింది జైనాబీ. ఎట్లున్నావని అడగలేదు.

"నేను కొట్టుకు వచ్చినాక నువ్వు దబ్బనానికి పోయింది ఎంతసేపటికి?"

"అరగంట."

పెట్టేసింది.

మర్నాడు అదే వేళకు మళ్లీ చేసింది. "నువ్వు తిప్పక ముందు పరుపు మీద పాలుండెనా?"

"లేవు."

అప్పటి నుంచి రోజుకొకటి అడుగుతుంది. ఏ రంగు చీర ముక్కతో చుట్టావు. తల ఏ పక్కకు ఉండె. పెరట్లో ఉన్న మీ అమ్మకు ఏడుపు వినపడలేదా. ఏడ్వకపోతే ఎందుకు ఏడ్వలేదు. గొంతులో కోపం ఉండదు. పరుపు కొలతలు అడిగేవాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడతారు. నేను తెలిసింది చెబుతాను. తెలియనిది తెలియదంటాను. ఎప్పుడు వస్తావని నేను అడగను. అడిగే వంతు నాది కాదు.

ఒక రోజు, "ఒళ్లు వెచ్చగుండెనా?" అంది.

"ఉండె."

తర్వాత మూడు రోజులు ఫోన్ రాలేదు. ఆ మూడు రోజులు మిషన్ వేయలేదు, ఫోన్ వినపడదని.

నిన్న చేసింది.

"మీ అమ్మ నన్ను అనేటప్పుడు నువ్వు యాడుంటివి? ఆ పొద్దు. అందరి ముందర."

"గడప అవతల."

"నాకు కనపడలేదే."

"నాకు నువ్వు కనపడతాంటివి" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆమె వెనక ఎక్కడో మగ్గం చప్పుడు వినిపించింది. కాసేపటికి ఏడుపు మొదలైంది.

"పాప లేచింది" అని ఫోన్ పెట్టేసింది.